జనం అరుదైన నార్తర్న్ కేప్: ఆగస్టు సెలవుల్లో ఏది చూడాలి, ఏది వదులుకోవాలి?

నాగావళి

అందరికీ నమస్కారం. మా అక్కయ్య కుటుంబం జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్నందున, వచ్చే ఆగస్టులో నేను, నా భార్య, డెబ్బై దాటిన మా అమ్మానాన్నలు, పదేళ్ల మా అబ్బాయి దక్షిణాఫ్రికాకు వెళ్లాలనుకుంటున్నాము. అందుకోసం అబ్బాయి చేత బడికి సెలవు పెట్టించక తప్పదు. క్రూగర్ పార్కు గురించి, కేప్‌టౌన్ గురించి ఈ వేదికలో కావలసినంత సమాచారం ఇప్పటికే ఉంది కనుక వాటి ఊసు ఎత్తడం లేదు. పర్యాటకుల రద్దీ తక్కువగా ఉండే నార్తర్న్ కేప్ రాష్ట్రాన్ని చూడాలన్నది మా కోరిక.

జొహానెస్‌బర్గ్‌లో కారు అద్దెకు తీసుకుని కింబర్లీ, ఆపింగ్టన్, ఆగ్రబీస్ జలపాతం, ఖలగాడి పార్కు, రిక్టర్స్‌వెల్డ్, నమక్వాలాండ్ పూల మైదానాలు, సదర్లాండ్‌లోని ఖగోళ పరిశోధన కేంద్రం వరుసగా చూసుకుంటూ పది రోజుల్లో కేప్‌టౌన్ చేరుకోవాలని ఒక పథకం వేసుకున్నాను. ఇది సాధ్యమేనా? అమ్మానాన్నలు శాకాహారులు, పైగా నాన్నకు మోకాళ్ల నొప్పి ఉంది. అనుభవం ఉన్నవారు మొహమాటం లేకుండా చెప్పగలరని ప్రార్థన.

జోబర్గ్ వాసి

నాగావళి గారూ, మొహమాటం లేకుండా చెప్పమన్నారు కనుక చెబుతున్నాను. మీరు రాసిన పథకం కాగితం మీద బాగానే ఉంటుంది కానీ, దానిని అమలు చేస్తే మీ అమ్మానాన్నలకు కారు అద్దం తప్ప మరేమీ కనిపించదు.

ఆ రాష్ట్రం వైశాల్యం 3,72,889 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటినీ కలిపినా సుమారు 2,75,000 చదరపు కిలోమీటర్లే అవుతాయి. అంత నేల మీద 2022 జనాభా లెక్కల ప్రకారం నివసిస్తున్నవారు 14 లక్షల లోపే, అంటే ఒక్క విశాఖపట్నం నగరంలో ఉన్నంత మంది కూడా లేరు. దక్షిణాఫ్రికా భూభాగంలో దాదాపు మూడో వంతు ఈ ఒక్క రాష్ట్రానిదే అయినా, అన్ని రాష్ట్రాలలోకీ అతి తక్కువ జనాభా కూడా దీనిదే. పటం మీద పక్కపక్కనే కనిపించే రెండు ఊళ్ల మధ్య వంద కిలోమీటర్ల పొడవునా ఒక టీకొట్టు కూడా ఉండకపోవచ్చు.

దూరాలు సుమారుగా ఇలా ఉంటాయి. జొహానెస్‌బర్గ్ నుంచి కింబర్లీకి 475 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఆపింగ్టన్‌కు 400, ఆపింగ్టన్ నుంచి ఖలగాడి పార్కు ద్వారమైన ట్వీ రివీరెన్‌కు 250. తిరిగి ఆపింగ్టన్‌కు వచ్చి పడమరగా వెళితే ఆగ్రబీస్ 120, పూల ప్రాంతానికి కేంద్రమైన స్ప్రింగ్‌బాక్ పట్టణం 375. స్ప్రింగ్‌బాక్ నుంచి కేప్‌టౌన్‌కు మరో 560. రిక్టర్స్‌వెల్డ్, సదర్లాండ్ ఇందులో కలపనే లేదు. పార్కు లోపల తిరిగే తిరుగుడు కూడా కలపలేదు.

ప్రధాన రహదారులు చక్కగా ఉంటాయి, మన లాగే ఎడమ వైపున నడపాలి, వాహనాలు తక్కువ. అందువల్ల ఒక్కొక్క మజిలీ విడిగా చూస్తే కష్టమేమీ కాదు. కష్టమంతా వాటిని ఒకదాని వెంట ఒకటి పేర్చడంలోనే ఉంది. నా సలహా ఏమిటంటే జొహానెస్‌బర్గ్ నుంచి ఆపింగ్టన్‌కు విమానంలో వెళ్లి, అక్కడ కారు తీసుకుని, దానిని కేప్‌టౌన్‌లో అప్పగించండి. వేరే ఊరిలో అప్పగించినందుకు అదనపు రుసుము పడుతుంది, అయినా మొదటి 800 కిలోమీటర్లు మిగులుతాయి. జాబితాలో కనీసం రెండు పేర్లు కొట్టేయండి. ఏవి కొట్టేయాలో ఇతర సభ్యులు తేలుస్తారు.

పల్నాటి రాళ్లు

జోబర్గ్ వాసి గారి లెక్కల ప్రకారం మొదటి వేటు కింబర్లీ మీద పడేటట్టుంది. భూగర్భ శాస్త్రం చదువుకున్న తెలుగువాడిగా దానికి అడ్డుపడక తప్పదు.

18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు అందించినది ప్రధానంగా మన దేశమే. అందులోనూ కృష్ణా తీరపు కొల్లూరు గని పేరు మొదట చెప్పుకోవాలి. గోల్కొండ వజ్రాలని పేరు పడ్డాయి కానీ గోల్కొండ వాటిని అమ్మిన సంత మాత్రమే. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది, వెళ్లి చూద్దామన్నా ఏమీ కనిపించదు. కింబర్లీలో మాత్రం వజ్రాల కోసం మనిషి ఏం చేశాడో కళ్లెదుటే ఉంటుంది.

1867లో ఆరెంజ్ నది దగ్గర హోప్‌టౌన్ పరిసరాల్లో ఒక రైతు బిడ్డకు మెరిసే రాయి దొరికింది. నాలుగేళ్లు తిరక్కుండానే, అంటే 1871లో, కింబర్లీలో ఒక గుట్ట మీద వజ్రాలు కనిపించాయి. వేలమంది పలుగులతో పారలతో తవ్వగా ఆ గుట్ట మాయమై, దాని చోట సుమారు 240 మీటర్ల లోతైన గొయ్యి మిగిలింది. 1914లో తవ్వకం ఆపేనాటికి అందులోంచి 2,700 కిలోల పైచిలుకు వజ్రాలు బయటికి వచ్చాయి. ఇప్పుడు అడుగున ఆకుపచ్చని నీరు నిలిచి ఉంటుంది. గొయ్యి మీదికి చొచ్చుకువెళ్లే వంతెన లాంటి వేదిక నుంచి పెద్దవారు కూడా సులువుగా చూడవచ్చు.

అక్కడి వజ్రాలు భూమి లోతుల్లోంచి పైకి ఎగదన్నిన అగ్నిశిలల నిలువు గొట్టాలలో ఉంటాయి. ఆ శిలకు కింబర్లైట్ అన్న పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. మన అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ అవే కింబర్లైట్ గొట్టాలు ఉన్నాయి. తొలకరి వానలు పడగానే అక్కడి చేలల్లో జనం రాళ్లు వెతుక్కుంటూ తిరిగే సంగతి మనందరికీ తెలిసినదే. ఈ రెండు చోట్లకూ ఉన్న చుట్టరికం గురించి పదేళ్ల పిల్లవాడికి చెప్పడానికి ఆ గొయ్యి అంచుకంటే మంచి తరగతి గది లేదు.

డర్బన్ తెలుగు

మా పూర్వీకులు విశాఖ జిల్లా నుంచి నాటాల్ చెరకు తోటలకు కూలి ఒప్పందం మీద వచ్చినవారు. నేను పుట్టి పెరిగింది డర్బన్‌లో. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి.

పల్నాటి రాళ్లు గారు చెప్పినవన్నీ నిజమే కానీ, ఆ గొయ్యిని మనిషి సాధించిన అద్భుతంగా మాత్రమే చూపించి ఊరుకోవడం నాకు నచ్చదు. తవ్వినవారిలో అత్యధికులు దూర ప్రాంతాల నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు. వజ్రాలు దొంగిలిస్తారన్న నెపంతో 1880ల నుంచి గనుల యజమానులు వారిని చుట్టూ ప్రహరీ ఉన్న ఆవరణల్లో, ఒప్పందకాలం పూర్తయ్యేదాకా బయటికి పోనివ్వకుండా ఉంచారు. 1888లో సెసిల్ రోడ్స్ నాయకత్వంలో డిబీర్స్ సంస్థ ఏర్పడి, క్రమంగా గనులన్నీ ఒకే చేతిలోకి వచ్చాక ఆ పద్ధతి మరింత బిగుసుకుంది. దక్షిణాఫ్రికాలో తరువాతి కాలపు గనులన్నింటికీ అదే నమూనా అయింది.

అందువల్ల కింబర్లీకి వెళ్లేవారు ఆ గొయ్యితో పాటు సోల్ ప్లాట్యే నివసించిన ఇంటిని కూడా చూడాలి. ఆయన పాత్రికేయుడు, రచయిత. ఇప్పటి ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు మూలమైన సంస్థ 1912లో ఏర్పడినప్పుడు మొదటి ప్రధాన కార్యదర్శి ఆయనే. ఊరికి కొద్ది దూరంలో వైల్డెబీస్ట్ కైల్ అనే చిన్న గుట్ట మీద, వజ్రాల ఊసు లేని కాలంలో రాళ్లపై చెక్కిన జంతువుల బొమ్మలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఇవన్నీ చూసే తీరిక లేకపోతే, గొయ్యి దగ్గర ఫొటో దిగడం కోసం అంత దూరం వెళ్లవద్దని నా మనవి.

ఇసుకదారి

కింబర్లీ చర్చ ఆసక్తిగానే ఉంది. నాగావళి గారికి ఆగస్టులో దొరికే అసలు భాగ్యం మాత్రం ఖలగాడి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దక్షిణాఫ్రికా వైపు కలహారి గెమ్స్‌బాక్ జాతీయ ఉద్యానం 1931లో ఏర్పడింది. దానిని బోట్స్‌వానా వైపు ఉద్యానంతో కలిపి 2000లో ఖలగాడి ట్రాన్స్‌ఫ్రాంటియర్ పార్కుగా ప్రారంభించారు. దేశాల సరిహద్దును దాటి విస్తరించిన ఇలాంటి పార్కులలో ఆఫ్రికా ఖండంలో అధికారికంగా ఏర్పడిన మొదటిది ఇదే. మొత్తం సుమారు 38,000 చదరపు కిలోమీటర్లలో నాలుగో వంతు మాత్రమే దక్షిణాఫ్రికాలో ఉంది, తక్కినదంతా బోట్స్‌వానాది. ఔఓబ్, నోసోబ్ అనే రెండు నదుల పేర్లు వింటారు కానీ వాటిలో నీరు ఎప్పుడో అరుదుగా తప్ప పారదు. ఆ ఎండిన నదీగర్భాలే దారులు. వాటి పొడవునా బోరు నీటితో నింపే తొట్టెలు ఉంటాయి. ఆగస్టు అంటే అక్కడ చలికాలం చివర, అప్పటికి గడ్డి ఎండిపోయి, చెట్లు పలచబడి, జంతువులు నీటి కోసం తప్పనిసరిగా అక్కడికి వస్తాయి. ఒక తొట్టె దగ్గర ఇంజను ఆపేసి ఓపికగా కూర్చుంటే చాలు.

ఏనుగులు, ఖడ్గమృగాలు, అడవిదున్నలు ఇక్కడ ఉండవు. అవే కావాలంటే క్రూగర్‌కు వెళ్లాలి. ఇక్కడి ప్రత్యేకత నల్లని జూలు ఉన్న కలహారి సింహం, చీతా, కత్తుల్లాంటి నిటారు కొమ్ముల గెమ్స్‌బాక్ జింక, వెనుక కాళ్ల మీద నిలబడి కాపలా కాసే ముంగిస జాతి మీర్‌కాట్‌లు, లెక్కలేనన్ని డేగలు, గద్దలు. సోషబుల్ వీవర్ అనే చిన్న పిట్టలు వందల కొద్దీ కలిసి ఒకే గూడు కట్టుకుంటాయి. తుమ్మజాతి చెట్టు మీద గడ్డివాము ఎక్కించినట్టుండే ఆ గూటిని తరతరాలుగా వాడుకుంటాయి. మీ అబ్బాయికి సింహం కనిపించకపోయినా ఈ గూళ్లు కనిపించి తీరుతాయి.

పెద్దవారికి ఇది అనువైన చోటే, ఎందుకంటే నిర్దేశించిన చోట్ల తప్ప కారు దిగే పనే ఉండదు, దిగనివ్వరు కూడా. లోపల వేగ పరిమితి 50 కిలోమీటర్లు, నేల కంకర, ఇసుక. ట్వీ రివీరెన్, మాటా మాటా, నోసోబ్ అనే మూడు పెద్ద విడుదులకూ కంచె, పెట్రోలు, చిన్న దుకాణం ఉన్నాయి. కంచె లేని చిన్న విడుదులు కూడా ఉన్నాయి కానీ వాటిలో కొన్నింట పన్నెండేళ్లలోపు పిల్లలను అనుమతించరు కనుక మీకు కుదరదు. గదుల కోసం జాతీయ ఉద్యానాల సంస్థ వెబ్‌సైటులో దాదాపు సంవత్సరం ముందు నుంచే పోటీ ఉంటుంది. కనుక ముందు ఇది ఖాయం చేసుకుని, తక్కిన ప్రయాణాన్ని దాని చుట్టూ అల్లుకోండి.

మాఘమల్లి

ఇసుకదారి గారి అభిమానాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. సింహాలు ఏ నెలలోనైనా ఉంటాయి. నమక్వాలాండ్ పూలు మాత్రం ఏడాదిలో ఆగస్టు మొదటి వారాల నుంచి సెప్టెంబరు సగం దాకా, అదీ చలికాలపు వానలు సరిగా పడితేనే పూస్తాయి. ఆగస్టులో ఆ రాష్ట్రానికి వెళ్లి పూలు చూడకుండా తిరిగి రావడం నాకు అర్థం కాని విషయం.

ఏడాదిలో ఎక్కువ భాగం రాళ్లు, బూడిదరంగు తుప్పలు తప్ప ఏమీ కనిపించని నేల, ఆ కొద్ది వారాలు నారింజ, పసుపు, తెలుపు, ఊదా రంగుల్లో కనుచూపు మేర పరచుకుంటుంది. ఆ ప్రాంతం ప్రపంచంలోకెల్లా వృక్షజాతులు ఎక్కువగా ఉన్న ఎడారులలో ఒకటి. ఆకుల్లో నీరు దాచుకునే రసభరితమైన మొక్కలు వందల రకాలు ఉన్నాయి, వాటిలో అనేకం మరెక్కడా పెరగవు.

చూసే పద్ధతి మాత్రం తెలిసి ఉండాలి. పూలు ఎండ కాస్తేనే విచ్చుకుంటాయి. ఉదయం పదిన్నరకు ముందు, సాయంత్రం నాలుగు తరువాత, మబ్బు పట్టిన రోజున, చలిగాలి వీచిన రోజున ముడుచుకునే ఉంటాయి. అవి సూర్యుని వైపు తిరుగుతాయి. దక్షిణార్ధగోళంలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు కనుక, ఉత్తరం నుంచి దక్షిణానికి ప్రయాణించేవారికి పూల ముఖాలు కనిపిస్తాయి, ఎదురు దిశలో వచ్చేవారికి వెనుక భాగాలు కనిపిస్తాయి. మీరు స్ప్రింగ్‌బాక్ నుంచి కేప్‌టౌన్ వైపు దిగుతున్నారు కాబట్టి మీ దిశ సరైనదే. స్ప్రింగ్‌బాక్ పక్కన గోఖాప్ అభయారణ్యం, కామీస్‌క్రూన్ దగ్గర నమక్వా జాతీయ ఉద్యానంలోని స్కిల్‌పాడ్ భాగం, ఇంకా దక్షిణాన ఘాట్ ఎక్కితే నీవౌట్‌విల్ ఊరు, ఈ మూడూ ముఖ్యమైనవి. నీవౌట్‌విల్‌లో దుంపల నుంచి మొలిచే పూల రకాలు ఎక్కువ. మోకాళ్ల నొప్పి ఉన్నవారు స్కిల్‌పాడ్‌లో కారులో కూర్చునే చుట్టుదారిలో తిరిగి చూడవచ్చు.

ఇసుకదారి

మాఘమల్లి గారూ, మీ మాటల్లోనే నా జవాబు ఉంది. "వానలు సరిగా పడితేనే" అన్నారు. వాన పడని ఏడాది నమక్వాలాండ్‌లో చూసేది రాళ్లే. నెలల ముందు గదులు ఖాయం చేసుకుని, ఖండాలు దాటి వచ్చేవారిని వాన మీద పందెం కాయమనడం న్యాయమా? పైగా ఒక వారం ఉత్తరాన పూస్తే మరుసటి వారం దక్షిణాన పూస్తాయి. కేప్‌టౌన్‌లో ఉన్నవారికి అది వారాంతపు విహారం, మన దేశం నుంచి వచ్చేవారికి కాదు.

మాఘమల్లి

అందుకే నేను గదుల్లో సగం మాత్రమే ముందుగా ఖాయం చేసుకోమంటాను. స్ప్రింగ్‌బాక్‌లో ఒక బస ముందే తీసుకోండి, పూల కాలంలో అక్కడ చోటు దొరకదు. అక్కడి నుంచి కేప్‌టౌన్ దాకా ఉన్న రెండు మూడు రోజులను మాత్రం ఖాళీగా వదిలేయండి. ఎక్కడ బాగా పూశాయో పూల కాలంలో అక్కడి పర్యాటక కార్యాలయాలు, బస యజమానులు రోజూ చెబుతారు, దానిని బట్టి ఆగవచ్చు. అసలే పూయని ఏడాదైతే ఎక్కడా ఆగకుండా ఎన్7 రహదారి మీద నేరుగా కేప్‌టౌన్‌కు దిగిపోవచ్చు, కోల్పోయేది ఒక రోజే. ఖలగాడి వద్దని నేను అనడం లేదు. జోబర్గ్ వాసి గారు చెప్పిన విమాన మార్గం పట్టుకుంటే రెండూ ఇముడుతాయి, కానీ కింబర్లీ, రిక్టర్స్‌వెల్డ్ ఇమడవు.

రిక్టర్స్‌వెల్డ్ గురించి ఒక మాట. అది 2007లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ప్రదేశం. నామా ప్రజలు ఇప్పటికీ మందలతో పాటు కాలాన్ని బట్టి మకాం మార్చుకుంటూ, సొంత భూమిని ఉమ్మడిగా చూసుకుంటున్న కొండ ఎడారి. ఒంటి కాండంతో, తల ఉత్తరానికి వంచి దూరం నుంచి మనిషిలా కనిపించే హాఫ్‌మెన్స్ మొక్క అక్కడిదే. అయితే ఆ దారులకు ఎత్తైన ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలి, ఒంటరి బండితో వెళ్లవద్దని తెలిసినవారందరూ చెబుతారు. డెబ్బై దాటిన వారితో ఆ సాహసం వద్దు.

త్రిశంకు

ఎవరూ సదర్లాండ్ పేరు ఎత్తడం లేదు కాబట్టి నేను ఎత్తుతాను. నాకు ఆకాశం చూసే పిచ్చి ఉంది, పేరులోనే తెలుస్తుంది.

సదర్లాండ్ బయట పీఠభూమి మీద 2005లో ప్రారంభమైన సాల్ట్ దూరదర్శిని ఉంది. 91 షడ్భుజాకార దర్పణాలను పేర్చి, సుమారు 11 మీటర్ల వెడల్పుతో కట్టిన దాని అద్దం దక్షిణార్ధగోళంలోని అతి పెద్ద దృశ్య దూరదర్శినులలో ఒకటి. మన పూణేలోని అయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థ కూడా అందులో భాగస్వామి. పగటిపూట గైడు వెంట తిరిగి చూడవచ్చు. రాత్రి కార్యక్రమం వేరుగా ఉంటుంది, దానిలో సందర్శకుల కోసం పెట్టిన చిన్న దూరదర్శినులలోంచి చూపిస్తారు, సాల్ట్‌లోంచి కాదు. ఈ తేడా తెలియక నిరాశపడేవారు చాలామంది. రెండింటికీ ముందుగా నమోదు చేసుకోవాలి.

ఇంతా చెప్పి, మీ పథకంలోంచి దానిని తీసేయమనే అంటాను. ఆగస్టులో సదర్లాండ్ దేశంలోకెల్లా చలి ఎక్కువగా ఉండే ఊళ్లలో ఒకటి, రాత్రిళ్లు నీరు గడ్డకట్టేంత చలి. నీవౌట్‌విల్ వైపు నుంచి కాల్వీనియా మీదుగా వచ్చే దారిలో ఎక్కువ భాగం కంకర. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. మీరు వెళుతున్న ఖలగాడిలో కూడా వందల కిలోమీటర్ల మేర దీపాలు లేవు. వృశ్చికం, ధనుస్సు మన ఊళ్లలో దక్షిణాన వాలి కనిపిస్తాయి, అక్కడ ఆగస్టు సాయంత్రాల్లో అవి నడినెత్తిన ఉంటాయి. పాలపుంత మధ్యభాగం సరిగ్గా తల మీదికి వస్తుంది. త్రిశంకు నక్షత్రమండలం చీకటి పడగానే నైరుతి దిక్కున కనిపిస్తుంది. మన దేశం నుంచి దాదాపు చూడలేని మాగెల్లాన్ మేఘాలు అనే రెండు నక్షత్ర సముదాయాలు తెల్లవారుజామున బాగా పైకి వస్తాయి. విడుది కంచె లోపల నిలబడి, దుప్పటి కప్పుకుని, ఏ పరికరమూ లేకుండా ఇవన్నీ చూడవచ్చు. అమావాస్యకు దగ్గరగా పార్కులో ఉండేటట్టు తేదీలు చూసుకోండి, అంతే చాలు.

కార్నార్వన్ దగ్గర 64 పళ్లేలతో ఉన్న మీర్‌కాట్ రేడియో దూరదర్శిని గురించి కూడా ఎవరైనా అడుగుతారేమో. అది మామూలు సందర్శకులు దారిలో ఆగి చూసే చోటు కాదు. రేడియో అలజడి లేకుండా ఉండాలనే చుట్టూ చట్టపరమైన ఆంక్షలు పెట్టారు.

పల్నాటి రాళ్లు

అయితే కింబర్లీకి నీళ్లు వదిలినట్టేనా? ఒక మధ్యేమార్గం సూచిస్తాను. నాగావళి గారు అక్కయ్య గారింట్లో కొన్నాళ్లు ఉంటారు కదా. కింబర్లీకి జొహానెస్‌బర్గ్ నుంచి విమానం గంటన్నర లోపే. అమ్మానాన్నలను అక్కయ్య దగ్గర ఉంచి, అబ్బాయిని వెంటబెట్టుకుని ఒక రాత్రి ఉండేటట్టు వెళ్లి రావచ్చు. డర్బన్ తెలుగు గారు చెప్పిన ప్లాట్యే ఇల్లు, రాతి బొమ్మల గుట్ట కూడా అప్పుడు తీరికగా చూడవచ్చు. ఆయన అభ్యంతరంతో నాకు పేచీ లేదు. కొల్లూరు గనిలోనూ వేలమంది కూలీలు అర్ధాకలితో రాళ్లు మోసినవారే.

వేదిక నిర్వాహకులు

చర్చ ఆరోగ్యకరంగా సాగుతోంది. వీసా గురించి కొందరు ప్రైవేటు సందేశాల్లో అడుగుతున్నారు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు బయలుదేరకముందే దక్షిణాఫ్రికా వీసా తీసుకోవాలి. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక అధికారిక వెబ్‌సైటు చూసుకోవలసిందిగా కోరుతున్నాము. డ్రైవింగు లైసెన్సుతో పాటు అంతర్జాతీయ అనుమతి పత్రాన్ని కూడా వెంట తీసుకువెళ్లడం మంచిది.

నాగావళి

అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాక పథకం ఇలా మారింది. కింబర్లీకి నేను, అబ్బాయి మాత్రమే వెళతాము. ఆ తరువాత అందరం విమానంలో ఆపింగ్టన్ చేరుకుని, కారు తీసుకుని, ఖలగాడిలో ట్వీ రివీరెన్ విడుదిలోనూ మాటా మాటాలోనూ ఉండి, వెనక్కి వచ్చి ఆగ్రబీస్ చూసుకుని స్ప్రింగ్‌బాక్ చేరతాము. అక్కడి నుంచి మాఘమల్లి గారు చెప్పినట్టు పూలు ఎటు పిలిస్తే అటు వెళ్లి కేప్‌టౌన్‌లో ముగిస్తాము. రిక్టర్స్‌వెల్డ్, సదర్లాండ్ కొట్టేశాను. సదర్లాండ్ కొట్టేసినప్పుడు అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకున్నాడు, త్రిశంకు గారి మాటలు చదివి వినిపిస్తే కొంత కుదుటపడ్డాడు.

మిగిలిన సందేహాలు మూడు. శాకాహారం మాటేమిటి? ఆగస్టులో ఆగ్రబీస్‌లో నీరు ఉంటుందా? దారిలో అక్కడి ఆదివాసులైన సాన్ ప్రజల గ్రామాలు చూపిస్తామనే ప్రకటనలు చూశాను, వాటికి వెళ్లవచ్చా?

జోబర్గ్ వాసి

ఆహారం విషయంలో అక్కడి హోటళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. మాంసం కాల్చుకుని తినడమే అక్కడి వారాంతం, వారి పండుగ, వారి పలకరింపు. శాకాహారం అని అడిగితే బంగాళదుంప వేపుడు, సలాడు తెచ్చి పెడతారు. అయితే పార్కు విడుదులలో చాలా గదులకు పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలతో కూడిన వంటగది ఉంటుంది. ఆపింగ్టన్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లు ఉన్నాయి. బియ్యం, పప్పు, పెరుగు, కూరగాయలు, తాగునీరు అక్కడే కొనుక్కోండి. పోపు సామాను, కారం, పచ్చళ్లు మీ అక్కయ్య గారింటి నుంచి తీసుకువెళ్లండి, డర్బన్ పుణ్యమా అని జొహానెస్‌బర్గ్‌లో అన్నీ దొరుకుతాయి. ఆపింగ్టన్ దగ్గర ఆరెంజ్ నది పొడవునా ద్రాక్షతోటలు ఉంటాయి, అక్కడి ఎండుద్రాక్ష ఒక సంచి కారులో పడేసుకోండి.

పెట్రోలు సగానికి దిగగానే, బంకు కనిపించిన చోట నింపుకోవడం అలవాటు చేసుకోండి. చీకటి పడ్డాక బండి నడపవద్దు. కూడూ అనే పెద్ద జింకలు, గాడిదలు రోడ్డు మీదికి వస్తాయి. పార్కులోనైతే సూర్యాస్తమయానికి ముందే విడుది చేరకపోతే జరిమానా వేస్తారు.

డర్బన్ తెలుగు

మూడో ప్రశ్నకు జవాబు నేను ఇస్తాను. ఖలగాడి పార్కు ఏర్పరచిన కాలంలో, ఆ తరువాత దశాబ్దాల్లో అక్కడి ఖొమానీ సాన్ ప్రజలు తమ నేల నుంచి వెళ్లగొట్టబడ్డారు. వర్ణవివక్ష పాలన పోయాక వారు భూమి కోసం దావా వేయగా, 1999లో ఒప్పందం కుదిరి పార్కు లోపలా బయటా కొంత నేల తిరిగి దక్కింది. 2017లో ఖొమానీ సాంస్కృతిక ప్రాంతం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కనుక అక్కడ మీరు అడుగుపెట్టేది ఖాళీ ఎడారిలో కాదు, మనుషులను ఖాళీ చేయించి మళ్లీ కొంత తిరిగి ఇచ్చిన చోట.

రోడ్డు పక్కన తోలు కట్టుకుని ఫొటోలకు నిలబడేవారి దగ్గర ఆగి డబ్బులిచ్చి పోవడం నాకు సమ్మతం కాదు. వారు ఆ పని చేయడానికి పేదరికం కారణమే కానీ, పర్యాటకులు దానిని పెంచనక్కరలేదు. ఆ సమాజమే నడిపే సాంస్కృతిక కేంద్రంలో అడుగుజాడలు చదవడం తెలిసిన గైడుతో కలిసి ఇసుకలో కొంత దూరం నడవండి. రాత్రి ఏ జంతువు ఎటు వెళ్లిందో, ఎక్కడ ఆగిందో వారు చెబుతుంటే మీ అబ్బాయి సింహాన్ని చూసినంత సంబరపడతాడు. మీ నాన్నగారికి ఇసుకలో నడక కష్టం కాబట్టి ముందే చెప్పి చిన్న నడక ఏర్పాటు చేయించుకోండి.

ఇసుకదారి

ఆగ్రబీస్ గురించి. నీరు ఉంటుంది, ఆరెంజ్ నది ఎండిపోదు. కానీ వేసవి వరదల నాటి ఉధృతి ఉండదు. ప్రధాన పాతం సుమారు 56 మీటర్లు, దాని కింద నల్లబడ్డ గ్రానైటు లోయ 18 కిలోమీటర్ల పొడవు. ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య వరద వస్తే ఆ లోయంతా ఒకే జలపాతమై, చూసే వంతెనలు మూసేస్తారు. ఆగస్టులో రాతి ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది, నడవడానికి వాతావరణం హాయిగా ఉంటుంది. చెక్క నడకదారి ప్రవేశ భవనానికి దగ్గరే కనుక మీ నాన్నగారు నెమ్మదిగా వెళ్లి రాగలరు. ఒక రాత్రి చాలు.

కారు విషయంలో ఇంకొక మాట. అద్దె ఒప్పందంలో కంకర దారుల మీద అనుమతి ఉందో లేదో, టైర్లకు, అద్దాలకు బీమా వర్తిస్తుందో లేదో సంతకం చేసే ముందు చదవండి. చిన్న కారు కాకుండా కాస్త ఎత్తైనది తీసుకోండి. పార్కులో చాలామంది ఇసుక కోసం టైర్లలో గాలి తగ్గిస్తారు, ఎంత తగ్గించాలో ఆ రోజు దారి పరిస్థితిని బట్టి ట్వీ రివీరెన్ సిబ్బందిని అడిగితే చెబుతారు. తారు రోడ్డు ఎక్కేటప్పుడు తిరిగి నింపడం మరిచిపోవద్దు. మాటా మాటా నుంచి నమీబియాలోకి దాటే ద్వారం కూడా ఉంది కానీ దానికి వేరే వీసా, కారు సంస్థ లిఖితపూర్వక అనుమతి కావాలి. మీ దారి అటు కాదు కనుక దాని జోలికి పోనక్కరలేదు.

ఉదయం పార్కు ద్వారం తెరిచే వేళకు ఉష్ణోగ్రత సున్నాకు దిగి ఉండవచ్చు, మధ్యాహ్నానికి చొక్కా మీద తిరుగుతారు. ఉన్ని టోపీలు, చేతి తొడుగులు అమ్మానాన్నలకు తప్పనిసరి. మాటా మాటా గదులు ఇప్పుడే వెతకండి, ఆగస్టుకు అవి అందరికంటే ముందు అయిపోతాయి.

నాగావళి

మాటా మాటాలో రెండు గదులు దొరికాయి, అమావాస్యకు మూడు రోజుల ముందు. ట్వీ రివీరెన్‌లో ఒకటే ఉంది, రెండో దాని కోసం ఎవరైనా రద్దు చేసుకుంటారేమోనని రోజూ చూస్తున్నాను.